పై వరస, కింది వరస

వానాకాలం వచ్చిందంటే మా కోడలి గ్యాసు లైటరు ఒక పట్టాన పని చేయదు. కిటికీ పక్క మేకుకు తగిలించి ఉంటుంది, తేమ పడుతుంది. పొద్దున కాఫీ వేళకు అది టక్, టక్, టక్ అంటుంటే వరండాలో కూర్చున్న నా చెవి దానంతట అదే లెక్క పెట్టుకుంటుంది. నాలుగుకో అయిదుకో మంట అంటుకుంటే సరే. ఒక్కోరోజు పది దాకా పోతుంది. పది టకటకలు ఒకదాని వెంట ఒకటి పడ్డాయంటే నా కుడిచెయ్యి ఒళ్లోంచి లేచి, లేని తాడును పట్టి లాగడానికి ముందుకు పోతుంది. మా మనవరాలు చూసి నవ్వుతుంది. "అవ్వా, యాడికి పోతాంది నీ చెయ్యి?" అంటుంది. "దానికింకా డ్యూటీ దిగలేదులేమ్మా" అంటాను. ఆ చేతికి డ్యూటీ నేర్పిన మనిషి గురించి ఇప్పుడు చెబుతాను.

ఆమె పేరు కనకవల్లి. అందరికీ వల్లక్క. తిరుపతి స్టేషనుకు ఎదురు సందులో మూడంతస్తుల లాడ్జి ఒకటి ఉండేది, నలభై గదులు. అందులో మా ఇంటాయన వంటమనిషి. అండా దించుతూ నడుము పట్టేసి మంచాన పడితే, ఆయన బదులు నేను పనికి చేరాను. వంటకు కాదు, గదులు తుడవడానికి, దుప్పట్లు మార్చడానికి. నాది ఏర్పేడు పక్క పల్లె. నాలుగో తరగతి దాకా చదివి మేకల వెంట పోయినదాన్ని. రాయడమంటే నాకు చెయ్యి తిరగదు. విన్నది మాత్రం పోదు. వల్లక్క అప్పటికి యాభై దాటిన మనిషి. మద్రాసులో ట్రంకు ఎక్స్‌ఛేంజిలో చాలా ఏళ్లు చేసి, అన్నగారి కుటుంబంతో తిరుపతి వచ్చి, ఈ లాడ్జి టెలిఫోను బోర్డు దగ్గర చేరింది. చెవులకు పెట్టుకునే యంత్రం తాలూకు ఇనుప పట్టీ ఏళ్ల తరబడి నొక్కి నొక్కి, ఆమె తలలో అడ్డంగా రెండో పాపిటలా గాడి పడిపోయింది. మధ్యాహ్నం పెరుగన్నం, నారింజకాయ ఊరగాయ. ఏడాది పొడుగునా అదే.

బోర్డు మెట్ల కింద ఉండేది. గోడకు ఆనించిన చెక్క మేజాలాంటిది. దాని నిలువు పలక మీద పై వరసలో మూడు రంధ్రాలు, అవి ఎక్స్‌ఛేంజి ఇచ్చిన మూడు బయటి లైన్లు. కింది వరసల్లో నలభై రంధ్రాలు, అవి గదులు. ఎవరు పిలిస్తే వాళ్ల రంధ్రం మీది చిన్న రేకుమూత టప్పున పడుతుంది. రెండు కొసలున్న తాడు తీసి, ఒక కొస ఇక్కడ, ఒక కొస అక్కడ గుచ్చితే మాట కలుస్తుంది. ఇంతే విద్య. ఇంతే అనుకున్నాను నేను కూడా.

నన్ను ఆమె గమనించింది ఫోను వల్ల కాదు, మెట్ల వల్ల. ఒకరోజు ఇరవై ఏడో గది ఫోను చెడిపోతే, బకెట్టుతో పోతున్న నన్ను పిలిచి చెప్పింది, వాళ్ల మేనమామ రేణిగుంటలో దిగాడట, తిరుపతి బండి రెండు గంటలు ఆలస్యమట, బిడ్డ మందు ఎర్ర సంచిలో కాదు పచ్చ సంచిలో ఉందట, రాత్రి భోజనానికి తనకోసం ఆగవద్దన్నాడట అని. నేను పైకి పోయి చెప్పి వచ్చాను. "ఏం చెప్పినావు?" అని అడిగింది. చెప్పింది మళ్లీ చెప్పాను. వల్లక్క నా మొహం కేసి చూసింది.

"నేను చెప్పినట్టే చెప్పినావే! నీ మాట ఒకటైనా కలపలేదేమ్మే?"

"కలపమన్నావా అక్కా?"

ఆమె పడీపడీ నవ్వింది. ఆ వారమే లాడ్జి యజమాని చెంగల్రాయశెట్టిగారి దగ్గరకు పోయి, తాను అన్నం తిని నడుం వాల్చే గంటన్నరసేపు బోర్డు దగ్గర నన్ను కూర్చోబెడతానంది. శెట్టిగారు కౌంటరు మీద నుంచి కళ్లద్దాలు దించి చూశాడు.

"దుప్పట్లు మడిచేదానికి బోర్డా వల్లమ్మా? రేపు వంటోళ్లు కూడా వచ్చి టెలిఫోన్లో సాంబారు పోస్తామంటారు."

"పోస్తే పోయనీండి శెట్టిగారూ. సాంబారైనా వస్తాది. ఇప్పుడు మన తీగల్లో గరగర తప్ప ఏమొస్తాండాది?"

అలా కూర్చున్నాను. మొదటి పాఠం టకటకలది. తిరుపతికి ఎస్టీడీ వచ్చిన కొత్త. అంకెలు తిప్పితే చాలు, మద్రాసైనా బొంబాయైనా పలుకుతుంది. దాంతో పాటే దొంగతనమూ వచ్చింది. మా గదుల్లోని ఫోన్లకు శెట్టిగారు అంకెల చక్రాలే తీయించేశాడు. ఊళ్లో ఎవరితోనైనా మాట్లాడాలంటే మమ్మల్ని అడగాలి, మేమే తిప్పి కలపాలి. పై ఊరికైతే చీటీ రాసిచ్చి, డబ్బు కట్టాలి. కానీ తెలివైనవాళ్లు ఊళ్లో నంబరేదో అడిగి లైను తీసుకుని, ఆ మాట కాగానే రిసీవరు పెట్టకుండా, దాన్ని పెట్టే చోటున్న మీటను వేలితో కొట్టేవారు. మూడు కొడితే మూడు, ఏడు కొడితే ఏడు, పది కొడితే సున్న. చక్రం లేకపోయినా నంబరు పోతుంది. పై ఊళ్లన్నీ సున్నతోనే మొదలు.

ఆ కొట్టే చప్పుడు బోర్డు చెక్కలోంచి సన్నగా వినపడుతుంది. చెవికి యంత్రం అక్కర్లేదు. వల్లక్క నా వేళ్లను చెక్క మీద పెట్టించి, "ఎన్ని?" అని అడిగేది. పది వినబడితే తాడు లాగెయ్యడమే. అంకెలు వినడం నాకు రెండు రోజుల్లో వచ్చింది. వినకుండా ఉండడం నేర్చుకోవడానికి నెల పట్టింది. ఎందుకంటే మాట కలిపిన తర్వాత మన చెవిలోకి వాళ్ల మాటలు రాకుండా మూసే మీట ఇంకొకటి ఉంటుంది. కలపగానే దాన్ని మూసెయ్యాలి. నేను ఒకరోజు రవ్వంత ఆలస్యం చేశాను. ఎవరో అత్తాకోడళ్ల గొడవ, మంచి రసపట్టులో ఉంది. వల్లక్క నా చేతి మీద చెయ్యి వేసి మీట మూసింది.

"టకటకలు మనవి. మాటలు వాళ్లవి. దొంగను పట్టేదానికి మాటలు వినల్లంటే, అప్పుడు మనమే రెండో దొంగ."

రెండో పాఠం ఇంకా చిన్నది. తాడుకు ఒక కొస పై వరసలో ఉంటే రెండోది కింది వరసలో ఉండాలి. బయటివాళ్లు గదులతో మాట్లాడవచ్చు, గదులవాళ్లు బయటితో మాట్లాడవచ్చు. రెండు కొసలూ పై వరసలో పడ్డాయంటే, బయటివాడు బయటివాడితో మన ఖర్చు మీద మాట్లాడుతున్నాడని అర్థం. "పైనొకటి, కిందొకటి. నిద్రలో లేపి అడిగినా ఇదే చెప్పల్ల" అంది. నిద్రలో లేపితే చెప్పేదాన్నే. మెలకువలో తప్పాను.

తిరుపతిలో మనుషులు తప్పిపోతారు. కొండ మీద ఆ జనంలో చెయ్యి వదిలితే మళ్లీ దొరకడానికి ఒక పూట పడుతుంది. అందుకని మా లాడ్జి తాళంచెవుల ఇత్తడి బిళ్లల మీద ఫోను నంబరు కొట్టించారు. తప్పిపోయినవాళ్లు ఎక్కడినుంచైనా ఫోను చేసి ఫలానా గది అంటే మేం వాళ్లవాళ్లకు చెబుతాం. అది శెట్టిగారి నాయన పెట్టిన ఆచారం. ఒక మధ్యాహ్నం ఒక గొంతు వచ్చింది. మెత్తటి గొంతు, మాట చివర కొంచెం పట్టేసినట్టు ఉంటుంది.

"అమ్మా, ముప్పయి రెండో రూమోళ్లం. మా నాయన కొండ మీద తప్పిపోయినాడమ్మా. బొంబాయిలో మా అన్నతో ఒక్క మాట చెప్పుకోవల్ల. కలపండమ్మా, మీకు పుణ్యముంటాది."

నేను కలిపాను. రెండు కొసలూ పై వరసలోనే. మీట మూసేశాను, ఆ పాఠం మాత్రం మరిచిపోలేదు. రెండు రోజులు పోయాక మళ్లీ అదే గొంతు. "ఇంకా దొరకలేదమ్మా." మళ్లీ కలిపాను. మా ఇంట్లో మంచాన ఒక మనిషి ఉన్నాడు కాబట్టి, ఇంకొకరి ఇంట్లో మంచం ఖాళీ అయిందంటే నా చెయ్యి ఆగేది కాదు. మూడు వారాల్లో తొమ్మిదిసార్లు కలిపాను. వల్లక్కకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు కాబట్టే చెప్పలేదు.

తొమ్మిదోసారి ఆమె అన్నం గిన్నె కడుక్కుని తొందరగా వచ్చింది. బోర్డు కేసి చూసింది. ఒకే తాడు రెండు కొసలూ పైన, చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టినట్టు వేలాడుతున్నాయి. కేకలు పెట్టలేదు.

"ఎవరు?"

"తప్పిపోయినోళ్లక్కా. నాయన కోసరం వెతకతాండారు."

"ఏ రూము?"

"ముప్పయి రెండు."

ఆమె చెయ్యెత్తి కౌంటరు వెనక గోడ చూపించింది. ముప్పయి రెండో గది తాళంచెవి మేకుకు వేలాడుతోంది. ఆ గది ఖాళీ. పది రోజులుగా ఖాళీ. రోజూ దాని పక్క గదులు తుడిచేది నేనే. అయినా ఆ గొంతు వింటూ ఒక్కసారి కూడా గోడ కేసి చూడలేదు. వల్లక్క యంత్రం చెవులకు తగిలించుకుని, మీట తెరిచి, నెమ్మదిగా అడిగింది. "నాయనా, ముప్పయి రెండు తాళం నా ఎదురుగ్గా ఉండాది. నువ్వు యాడుండావు?" అవతల ఫోను పెట్టేశాడు. మూత పడింది. ఆమె తాడు లాగి చుట్టి పెట్టింది.

రెండు నెలల బిల్లు వచ్చింది. అందులో ఎవరికి ఫోను చేసిందీ ఉండదు. మీటరు ఎంత తిరిగిందో ఒక అంకె, అంతే. ఆ అంకె చూసి శెట్టిగారు కౌంటరు దిగి మెట్ల కిందికి వచ్చాడు. ఆయన అక్కడికి రావడం నేను అదే మొదలు చూడడం. వల్లక్క నోరు తెరిచేలోపు నేను చెప్పేశాను.

"నేనే కలిపినాను సామీ. బయట లైన్లు రెండూ."

"అందుకే చెప్పింది, దుప్పట్లు మడుచుకోమని. నువ్వు రేపట్నించి రావద్దు. వల్లమ్మా, తప్పిపోయినోళ్లు గిప్పిపోయినోళ్లు అని ఇంకెవరు పిలిచినా పలకద్దు. కొండ మీద మైకులుండాయి, పోలీసులుండారు."

వల్లక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఆ పిల్లను ఈడ కూర్చోబెట్టింది నేను. తీసెయ్యల్లంటే ముందు నన్ను తీసెయ్యండి. ఇంగోమాట శెట్టిగారూ. బిళ్ల మీద నంబరు కొట్టిస్తిరి. నంబరిచ్చి నోరు మూసుకుంటే ఎట్ల? తప్పిపోయినోడు బిళ్ల నాకల్లనా?"

శెట్టిగారికి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండింటినీ మింగి, "వచ్చే బిల్లు దాకా చూస్తా. అది గూడా ఇట్లే ఉంటే మీ ఇద్దురూ పోవల్ల, ఆ ఆచారమూ పోవల్ల" అని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నేను ఇంటికి పోకుండా బోర్డు పక్కనే కూర్చుండిపోయాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచాన ఆయన. నా ఒక్కదాని తిండి పోతే అది వేరు, వల్లక్కది కూడా నా వల్ల పోయేటట్టుంది.

ఆమె ఏడవనివ్వలేదు. "ముప్పయి రెండులో కిటికీ ఏ పక్క తెరుచుకుంటాది?" అని అడిగింది. స్టేషను పక్కకు అన్నాను. "తొమ్మిదిలో?" కిటికీ సరే, కొళాయి కట్టినా కారుతుంది అన్నాను. ఇరవై ఒకటిలో అద్దం పగిలింది. పద్నాలుగులో నీలం బకెట్టు, ఒక చెవి విరిగింది. నలభై గదులూ అప్పజెప్పాను.

"ఇవన్నీ నీ తలకాయలో ఎట్లుండాయిమే?"

"తుడిచేదాన్ని గదక్కా."

"అట్లయితే తాళం దొరికినట్టే" అంది వల్లక్క.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. ఎవరు ఫోను చేసి తప్పిపోయామన్నా ముందు గోడ మీద తాళంచెవి చూడడం. తర్వాత గదిలో పడుకున్నవాళ్లకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి అడగడం. అప్పుడు కూడా లైను ఇవ్వడం లేదు. "మాట చెప్పు, మేం మోస్తాం" అనడం. నిజంగా అవసరమున్నవాడికి మాట చేరితే చాలు. లైనే కావాలన్నవాడు అక్కడే ఫోను పెట్టేస్తాడు. ఒకసారి నాయుడుపేట నుంచి వచ్చిన ముసలామె ఫోను చేసింది. బకెట్టు ఏ రంగని అడిగితే నా మీద విరుచుకుపడింది. "రంగు తెలుసుకోని నువ్వేం జేస్తావమ్మే? పొద్దున్నించి నీళ్లు చుక్క రాకపోయె మీ లాడ్జిలో!" ఆ పొద్దున మూడో అంతస్తుకు నీళ్లు రాని మాట నిజం. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? వల్లక్క కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, ఆమె కొడుక్కి మాట చేర్చింది.

బిల్లు పదిహేను రోజుల్లో వస్తుందనగా వల్లక్క కంటి ఆపరేషనుకని మద్రాసు పోయింది. బోర్డు మొత్తం నా మీద పడింది. నాలుగో రోజు మధ్యాహ్నం పై వరసలో మూత పడింది. తీశాను.

"అమ్మా, పద్నాలుగో రూము."

అదే గొంతు. మాట చివర అదే పట్టు. గోడ చూశాను. పద్నాలుగు తాళంచెవి లేదు, గదిలో మనుషులున్నారు. చేర్చుకున్నది శెట్టిగారు, పొద్దున. నేను ఇంకా వాళ్లను చూడలేదు.

"బకెట్టు ఏ రంగు నాయనా?"

"నీలంది. ఒక చెవి లేదు."

సరిపోయింది. గొంతు దొంగది, జవాబు గదివాడిది. ఏది నమ్మాలి? తాడు లాగేస్తే నాకు భయం లేదు, వల్లక్క ఉద్యోగానికి భయం లేదు. అయినా చెప్పాల్సింది చెప్పాను. "లైను ఇయ్యను. మాట చెప్పు, నేను మోస్తా."

ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. ఒక బొంబాయి నంబరు చెప్పాడు, మెల్లగా, ఒక్కొక్క అంకె. "ఇంతే చెప్పండమ్మా. నాయన దొరికినాడు. రేపు బయలుదేరతాం."

నేను చీటీ మీద నంబరు వేశాను. దాని పక్కన వంకరటింకరగా ఈశ్వరి అని నా పేరు రాశాను, డబ్బు అడిగితే నా జీతంలో పట్టుకోనీ అని. బొంబాయికి తిప్పాను. ఒక ఆడమనిషి తెలుగులోనే పలికింది. రెండు ముక్కలూ చెప్పాను, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. అవతల ఏమనుకున్నారో వినకుండా పెట్టేశాను.

మర్నాడు పొద్దున ఒకడు పద్నాలుగు తాళంచెవి కౌంటరు మీద పెట్టాడు. ముప్పయ్యేళ్ల మనిషి, గుండు. తిరుపతిలో గుండు చూసి ఏం చెప్పగలం? మొక్కు తీరినా గుండే, మనిషి పోయినా గుండే. శెట్టిగారు లేడు, నేనే పలికాను. "సామాన్లన్నీ చూసుకున్నారా?" నా గొంతు వినగానే అతని చెయ్యి తాళంచెవి మీద ఆగిపోయింది. "మీరేనా అమ్మా?" అన్నాడు. "నేనే" అన్నాను. అతను వీధిలోకి పోయాక పైకి వెళ్లి గది దులిపాను. రెండు దుప్పట్లూ నలిగి ఉన్నాయి. ఒక దిండు మీద పొట్టి తెల్ల వెంట్రుక ఒకటి ఉంది.

వల్లక్క కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని తిరిగి వచ్చింది. కూర్చోకముందే చెప్పాను. "అదే గొంతక్కా."

"లైనిచ్చినావా?"

"లేదు."

"మాట మోసినావా?"

"మోసినా."

"అట్లయితే గొంతు ఎవురిదయితే మనకేం?"

తెల్ల వెంట్రుక సంగతి కూడా చెప్పాను. ఆమె ఊరగాయ సీసా మూత తీస్తూ, "అది దుప్పట్లు దులిపే ఈశ్వరికి తెలిసిన సంగతి. బోర్డు మీద కూర్చున్న ఈశ్వరికి తెలియనక్కర్లే" అంది. ముందు నాకు అర్థం కాలేదు. మొదటి తొమ్మిదిసార్లు అతను నిజంగానే నాయనను వెతికాడా? గది ఖాళీ చేసి ఏ సత్రంలోనో ఉంటూ, నిజం చెబితే కలపనని ముప్పయి రెండు అన్నాడా? లేకపోతే ఏదో బేరం మాట్లాడుకున్నాడా? నేను మీట మూసేశాను కాబట్టి ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నా ఉద్యోగమని ఆమె చెప్పింది.

బిల్లు మామూలుగా వచ్చింది. మర్నాడు పొద్దున శెట్టిగారు బోర్డు దగ్గరకు రెండు కాఫీలు పంపాడు. తర్వాత కొన్నేళ్లకు బజారులో ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి, లాడ్జిలో ఆ చెక్క బోర్డు పోయి మిషను వచ్చింది. వల్లక్క చిత్తూరులో అన్న కూతురి ఇంటికి చేరింది. ఆమె పోయిన సంగతి నాకు ఎవరో ఫోను చేసి రెండు ముక్కల్లో చెప్పారు. అంతకంటే ఎక్కువ నేను అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఎవరో బ్యాంకు నుంచి అంటారు, మెసేజిలో వచ్చిన అంకెలు చెప్పమంటారు. మా కోడలు తటపటాయిస్తే నేను అందుకుంటాను. "అంకెలు చెప్పం నాయనా. మాటేదో చెప్పు, చేరుస్తాను" అంటాను. నూటికి నూరుమందీ అక్కడే పెట్టేస్తారు. పక్కింటి గొడవ గోడ మీంచి వస్తే లేచి అవతలికి పోతాను. ఎవరైనా ఎవరికైనా ఏదైనా చెప్పమంటే, చెప్పినట్టే చెప్పి వస్తాను.

ఈ కథంతా విన్నాక మనవరాలు అడిగింది. "అవ్వా, ఆ బొంబాయి నంబరు ఇంకా గుర్తుండాదా?"

"ఉండాది."

"యాదీ, చెప్పు సూద్దాం."

లోపల లైటరు మళ్లీ మొదలైంది. ఆరుకు అంటుకుంది.

"నాయన దొరికినాడని చెప్పమన్యాడు, చెప్పేసినా" అన్నాను. "నంబరు నీకు చెప్పమని ఆయప్ప నాతో అనలేదే."